ఇంటర్ చదువుతూ సొంతంగా ఏపీ పరీక్షలు: అపోహలు - వాస్తవాలు

నిరుడు నయీంనగర్ నుంచి ఒకమ్మ ఫోన్ చేసింది. "మా బాబు ఏపీ పరీక్ష రాస్తానంటున్నాడు. మన పిల్లలు ఆంధ్ర పరీక్ష ఎందుకు రాయాలి సార్?" నవ్వొచ్చింది గానీ ఆమె తప్పేం లేదు. హనుమకొండలో ఏపీ అంటే ఎవరికైనా ముందు తట్టేది అదే. ఇది అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. అమెరికా కాలేజీ ప్రవేశాలకు శాట్ పరీక్ష పెట్టే కాలేజ్ బోర్డే ఏటా మే మొదటి రెండు వారాల్లో ఈ పరీక్షలు పెడుతుంది. డిగ్రీ మొదటి ఏడాది పాఠాన్ని హైస్కూల్లోనే చదివి రాసేవి. స్కోరు 1 నుంచి 5 దాకా. చాలా ఏళ్లు ఇంటర్‌కు మ్యాథ్స్ చెప్పి, ఇప్పుడు అమెరికాకు అప్లై చేసే పిల్లలను వీటికి తయారు చేస్తున్నాను. తల్లిదండ్రుల నోట తరచూ వినే మాటలు కొన్ని రాస్తున్నాను.

అపోహ: మన కాలేజీలో ఏపీ కోర్సు లేదు కాబట్టి రాయనివ్వరు.

రాయనిస్తారు. కోర్సు చేయాలన్న నిబంధన లేదు. బయటి పిల్లలను తీసుకునే సెంటర్ దొరికితే చాలు, వాళ్లిచ్చే జాయిన్ కోడ్‌తో రిజిస్టర్ కావాలి. సెమినార్, రీసెర్చ్ అనే రెండు మాత్రం స్కూల్లో కోర్సు చేసినవాళ్లకే. కంప్యూటర్ సైన్స్‌లో రెండు పేపర్లున్నాయి. ప్రిన్సిపుల్స్ అనేదాంట్లో 30 శాతం మార్కులు ముందే చేసి పంపాల్సిన ప్రాజెక్టుకు పోతాయి, సొంతంగా చదివేవాళ్లకు అదో తలనొప్పి. 'ఎ' అనే పేపర్ మొత్తం పరీక్ష మీదే, జావా వస్తే అది తీసుకోండి.

అపోహ: జేఈఈ చదివేవాడికి ఏపీ కాల్క్యులస్ చిటికెలో పని.

నేనూ ఇదే నమ్మాను. నా మొదటి స్టూడెంట్‌కు 3 వచ్చింది. వాడి తెలివిలో లోపం లేదు, నేను చెప్పిన తీరులోనే ఉంది. ఎంసెట్ లెక్కలు చేయించినట్టే చేయించి పంపాను. పేపర్‌లో సగం మార్కులు రాతప్రశ్నలవి: ఆరు ప్రశ్నలు, ఒక్కోటి తొమ్మిది మార్కులు. అక్కడ జవాబు ఒక్కటే సరిపోదు, ఎందుకో రాయాలి.

ఒక ఉదాహరణ చూడండి. 'ఫంక్షన్‌కు గరిష్ఠం ఎక్కడ? సమర్థించండి' అని అడుగుతారు. మనవాడు వేవీ కర్వ్ గీసి, ప్లస్, మైనస్ పెట్టి, 2 దగ్గర గుండ్రంగా చుట్టి 'మాక్స్' అని రాస్తాడు. జవాబు కరెక్టే. సమర్థించిన మార్కు మాత్రం రాదు, ఎందుకంటే గుర్తుల పట్టీ ఒక్కటే అక్కడ కారణం కింద చెల్లదు. 'ఎక్స్ విలువ 2 దగ్గర ఎఫ్ డ్యాష్ ప్లస్ నుంచి మైనస్‌కు మారుతోంది కాబట్టి అక్కడ గరిష్ఠం' అని వాక్యం ఉండాలి. అదొక్క లైను. అది రాయడం అలవాటు కావడానికి మా పిల్లలకు నెల పడుతుంది, ఏడు మార్కుల ప్రశ్నకు స్టెప్పులు బట్టీ పట్టిన చేతులు మరి. తమాషా ఏమిటంటే, మనం ప్రాణం పెట్టే చోట వాళ్లకు పట్టింపు లేదు. అంకెల్లో జవాబు వచ్చాక దాన్ని సూక్ష్మీకరించనక్కర్లేదు, దశాంశాల్లో రాస్తే మాత్రం మూడు స్థానాల దాకా సరిగ్గా ఉండాలి.

ఇంకోటి, కాల్క్యులేటర్. ఇంటర్‌లో, జేఈఈలో దాని ముఖమే చూడరు. ఇక్కడ కొన్ని ప్రశ్నలకు గ్రాఫ్ గీసే కాల్క్యులేటర్ తప్పనిసరి. సెంటర్‌లో పరీక్ష రాసే బ్లూబుక్ యాప్‌లోనే డెస్మోస్ అనే గ్రాఫ్ కాల్క్యులేటర్ ఉంటుంది, నేర్చుకుని వెళ్లాలి. కాల్క్యులేటర్‌తో తేల్చినా సరే, ఏ ఇంటిగ్రల్ వేశారో కాగితం మీద రాయాల్సిందే.

సిలబస్ కూడా అచ్చంగా ఒకటి కాదు. కాల్క్యులస్‌లో ఏబీ, బీసీ అని రెండు పేపర్లు, బీసీ పెద్దది. బీసీలో అనంత శ్రేణులు, టేలర్ శ్రేణి ఉంటాయి. మన 1బీ, 2బీలలో అవి లేవు. పాత రాతప్రశ్నలు, మార్కులు వేసే పద్ధతి, పిల్లలు రాసిన నమూనా జవాబులతో సహా కాలేజ్ బోర్డ్ ఉచితంగా పెడుతుంది. వేల రూపాయల మెటీరియల్ కొనేముందు అవి ఒక ఇరవై దిద్దుకోండి.

అపోహ: సెకండియర్ అయ్యాక తీరిగ్గా రాయొచ్చు.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. స్కోర్లు జూలైలో వస్తాయి. అమెరికా అప్లికేషన్లు సెకండియర్ నవంబర్, జనవరి నెలల్లోనే వెళ్లిపోతాయి, మార్చి ఆఖరుకల్లా సీటు సంగతి తేలిపోతుంది. ఆ తర్వాత మేలో రాసింది అడ్మిషన్‌కు పనికిరాదు, క్రెడిట్‌కు (చేరాక ఆ కోర్సు అక్కడ చదివినట్టే లెక్కించడానికి) మాత్రమే. పైగా అప్పుడే ఎంసెట్, ఆ వెనకే జేఈఈ అడ్వాన్స్‌డ్. అందుకే ఫస్టియర్ పరీక్షలు మార్చిలో అవగానే వచ్చే మే నెలే అసలు అవకాశం. మధ్యలో ఏప్రిల్ మీ చేతిలో ఉంటుంది (కాలేజీ వాళ్లు సెకండియర్ క్లాసులు అప్పుడే మొదలుపెట్టకపోతే!). చిక్కల్లా ఇంటిగ్రేషన్ 2బీలో ఉండటమే, అంటే కాలేజీ చెప్పకముందే సొంతంగా పట్టాలి. నవంబర్ మధ్యకల్లా రిజిస్ట్రేషన్ అయిపోతుంది, ఆ తర్వాతైతే లేట్ ఫీజు. కాబట్టి రాసేదీ లేనిదీ బతుకమ్మ సెలవుల్లోనే తేల్చుకోవాలి.

అపోహ: ఎన్ని రాస్తే అంత మంచిది.

యూనివర్సిటీ వాళ్లు పిల్లవాణ్ని వాడి కాలేజీలో దొరికే చదువుతో పోల్చి చూస్తారు. ఏపీలే లేని చోటు నుంచి వచ్చినవాడికి ఒకటి రెండు చాలు. సెంటర్ ఫీజు కలుపుకుంటే ఒక్కో పేపర్ పదివేలు దాటుతుంది. ఐదు రాసి అన్నింట్లో 3 తెచ్చుకునే కంటే బీసీ ఒక్కటి రాసి 5 తెచ్చుకోమంటాను.

అపోహ: 5 వస్తే ఎక్కడైనా క్రెడిట్ ఇస్తారు.

బీసీలో 5 వస్తే ఎంఐటీ మొదటి కాల్క్యులస్ కోర్సుకు క్రెడిట్ ఇస్తుంది. అదే స్కోరు పట్టుకుని కాల్‌టెక్‌కు పోతే ఏమీ ఇవ్వదు. ఏ యూనివర్సిటీ సంగతి ఆ యూనివర్సిటీ వెబ్‌సైట్‌లోనే చూసుకోవాలి.

అపోహ: తప్పు రాస్తే మైనస్ ఉంటుంది.

2011 నుంచి లేదు. జేఈఈ మెయిన్ భయంతో ఖాళీ వదిలేసి వస్తారు, వదలొద్దు. 5 అంటే నూటికి నూరు కూడా కాదు, కొన్ని ప్రశ్నలు పోయినా వస్తుంది.

చివరగా ప్రయాణం. మా పిల్లలు హైదరాబాద్ వెళ్లే రాస్తారు. పొద్దుటి పేపర్ ఎనిమిది, తొమ్మిది మధ్య మొదలవుతుంది. కాజీపేటలో తెల్లవారుజామున రైలెక్కి అందుకుందామనుకోవద్దు, ముందురోజే చేరుకోండి. ఉప్పల్‌లో మేనమామ ఇల్లున్నవాడు అదృష్టవంతుడు. ఆ రాత్రి కొత్త చాప్టర్ తెరవకండి. ల్యాప్‌టాప్‌లో బ్లూబుక్ తెరుచుకుంటోందో లేదో చూసి, చార్జర్ సంచిలో వేసుకుని పడుకోండి.