ఎక్స్ అనుకుందాం

"ఆ సంఖ్యను ఎక్స్ అనుకుందాం." చాలామంది పిల్లలకు లెక్కలంటే టెన్షన్ మొదలయ్యేది ఈ వాక్యం దగ్గరే. నిన్నటిదాకా అంకెలు, ఇవాళ వాటి మధ్యలో ఒక ఇంగ్లిష్ అక్షరం. ఎక్సే ఎందుకని అడిగితే క్లాసులో జవాబు దొరకడం అరుదు. ఆ అక్షరం ఎలా వచ్చిందో తెలిస్తే భయం కొంతైనా తగ్గుతుందని నా నమ్మకం.

తెలియని సంఖ్యకు పేరు పెట్టుకోవడం మన దేశంలో చాలా పాత అలవాటు. 628లో బ్రహ్మగుప్తుడు రాసిన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలోనే అలాంటి రాశులకు రంగుల పేర్లున్నాయి. వాటిని అవ్యక్తాలు అనేవారు, అంటే ఇంకా బయటపడనివి. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడి బీజగణితంలో ఈ పద్ధతి ఎంత చక్కగా ఉంటుందో చూడండి. మొదటి అవ్యక్తం పేరు యావత్తావత్. తెలుగులో చెప్పాలంటే 'ఎంతైతే అంత'. రెండోది కావలసివస్తే కాలకం, అంటే నలుపు. తర్వాత నీలకం, పీతకం, లోహితకం: నీలం, పసుపు, ఎరుపు. లెక్క చేసేటప్పుడు మొదటి అక్షరాలు చాలు: యా, కా, నీ, పీ, లో. తెలిసిన సంఖ్యకు 'రూపం' అనే మాటలోంచి రూ. రుణ సంఖ్యయితే నెత్తిన ఒక చుక్క. మనం మూడు ఎక్స్ ప్లస్ ఐదు అని రాసేది ఆ పద్ధతిలో 'యా 3 రూ 5'. 'ఎంతైతే అంత' అన్న పేరులోనే వివరణంతా ఉంది. ఎక్స్ అన్న అక్షరంలో అది లేదు.

9వ శతాబ్దపు బాగ్దాద్‌లో గణితవేత్త అల్ ఖ్వారిజ్మీ గుర్తులేవీ వాడలేదు, సమీకరణాన్ని మాటల్లోనే చెప్పాడు. తెలియనిది అరబ్బీలో 'షై', అంటే వస్తువు. ఇటలీకి చేరాక అదే 'కోసా' అయింది, దానికీ అర్థం వస్తువే. మన పావులూరి మల్లన మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినప్పుడూ లెక్కంతా మాటల్లోనే నడిచింది.

ఐరోపాలో అక్షరాలకు ఒక పద్ధతి ఏర్పరచినవాడు ఫ్రాన్స్‌కు చెందిన వియెట్. 1591లో ఆయన తెలియనివాటికి అచ్చులు, తెలిసినవాటికి హల్లులు కేటాయించాడు. 1637లో మరో ఫ్రెంచ్ గణితవేత్త డెకార్ట్ దాన్ని మార్చి, తెలిసినవాటికి అక్షరమాల మొదట్లోని ఏ, బీ, సీలు, తెలియనివాటికి చివరి ఎక్స్, వై, జడ్‌లు పెట్టాడు. నేటికీ నడుస్తున్నది అదే. ఎక్స్ అరబ్బీ 'షై' నుంచి వచ్చిందనీ, అచ్చు వేసేవాడి దగ్గర ఎక్స్ అచ్చులు మిగిలిపోయాయనీ చెప్పే కథలకు గట్టి ఆధారాలు లేవు. సమాన గుర్తు అప్పటికే ఉంది. 1557లో రాబర్ట్ రికార్డ్, రెండు సమాంతర గీతల కంటే సమానమైనవి ఇంకేముంటాయని దాన్ని ఎంచుకున్నాడు. డెకార్ట్ మాత్రం అది వాడకుండా వేరే గుర్తు పెట్టుకున్నాడు.

అక్షరాల్లాగే లెక్కల పుస్తకాల్లోని మాటలకూ చరిత్ర ఉంది. నిరూపణ చివర రాసే క్యూ ఈ డీ, యూక్లిడ్ గ్రీకులో రాసిన 'చూపించవలసింది ఇదే' అన్న మాటకు లాటిన్ రూపం. 20వ శతాబ్దంలో గణితవేత్త పాల్ హాల్మోస్ దాని బదులు చిన్న చతురస్రాన్ని వాడుకలోకి తెచ్చాడు. ఈ రెండూ చదివేవాళ్లకు మేలే చేశాయి, నిరూపణ ఎక్కడ ముగిసిందో చెబుతాయి కాబట్టి.

'ఇది స్పష్టమే' అన్న మాట సంగతి వేరు. రాసినవాళ్లకు స్పష్టమైనది చదివేవాళ్లకు ఒక రాత్రి పని కావచ్చు. ఫ్రెంచ్ గణితవేత్త లాప్లాస్ గ్రహాల కదలికల లెక్కల గురించి రాసిన ఖగోళ యాంత్రిక శాస్త్ర గ్రంథం నిండా ఇలాంటి మాటలే. దాన్ని ఇంగ్లిష్‌లోకి తెచ్చిన అమెరికన్ నెథానియల్ బౌడిచ్, 'స్పష్టంగా తెలుస్తోంది' అన్న మాట కనబడితే చాలు, తనకు గంటల తరబడి కష్టం తప్పదని అర్థమయ్యేదని చెప్పాడట. ఆ కష్టాన్ని ఆయన తనతోనే ఉంచుకోలేదు. లాప్లాస్ వదిలేసిన మెట్లన్నీ ఒక్కొక్కటిగా పేజీల అడుగున రాసుకుంటూ పోయాడు. 1829 నుంచి 1839 దాకా నాలుగు సంపుటాలుగా వచ్చిన ఆ అనువాదంలో, మూలం కంటే ఆయన వివరణే పెద్దది.