ఒక్క మాటకు ఒక్కటే అర్థం: పైలట్ల భాష

1989 ఫిబ్రవరి 19 ఉదయం. సింగపూర్ నుంచి సరకుతో వస్తున్న బోయింగ్ 747 ఒకటి కౌలాలంపూర్‌లో దిగబోతోంది. ఫ్లయింగ్ టైగర్ సంస్థ విమానం అది. "డిసెండ్ టూ ఫోర్ జీరో జీరో" అన్నాడు కంట్రోలర్. 2,400 అడుగులకు దిగమని అతని ఉద్దేశం. కాక్‌పిట్‌లో ఉన్నవాళ్లకు ఆ "టూ" అంకెగా తోచలేదు, ఇంగ్లిష్‌లో "కు" అనే అర్థమిచ్చే "టు"గా తోచింది. నాలుగు వందల అడుగులకు దిగమన్నాడని అనుకున్నారు. "ఓకే, ఫోర్ జీరో జీరో" అని బదులిచ్చారు. ఆ తేడాను కంట్రోలర్ పట్టుకోలేదు. నేల దగ్గరపడుతోందని హెచ్చరిక పరికరం మోగుతున్నా వాళ్లు దిగుతూనే పోయారు. విమానం కొండను ఢీకొంది. అందులో ఉన్న నలుగురూ చనిపోయారు.

ఆ ఎత్తును "టూ థౌజండ్ ఫోర్ హండ్రెడ్" అని చెప్పి ఉంటే ఆ పొరపాటుకు తావే ఉండేది కాదు. ప్రామాణిక పద్ధతి కూడా అదే.

పైలట్లు మాట్లాడుకునేది వింటే బయటివాళ్లకు ఏదో రహస్య భాషలా ఉంటుంది. అందులో దాచిపెట్టేది ఏమీ లేదు. మామూలు భాషలో ఒక మాటకు నాలుగు అర్థాలు ఉంటాయి, సందర్భాన్ని బట్టి మనం సర్దుకుంటాం. గంటకు వందల కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు అలా సర్దుకునే వ్యవధి ఉండదు. అందుకే ఒక్కో మాటను ఒక్కో అర్థానికి కట్టేశారు. నా దృష్టిలో ఇంజిన్, రాడార్ ఎలాగో ఈ పదకోశం కూడా విమానానికి అలాంటి భద్రతా పరికరమే. ప్రమాదాలు జరిగిన కొద్దీ మార్పులు చేస్తూ తయారుచేసుకున్న పరికరం.

ముందు రేడియో సంగతి చూద్దాం. విమానాశ్రయాల దగ్గర వాడే వీహెచ్‌ఎఫ్ రేడియోలో ఒక ఫ్రీక్వెన్సీ మీద ఒకసారి ఒక్కరే మాట్లాడగలరు. మిగతా అందరూ అదే ఫ్రీక్వెన్సీలో వింటూ ఉంటారు. పైగా ఆ రేడియోలో గొంతు మొత్తం వినపడదు. దాదాపు 300 నుంచి 3,000 హెర్ట్జ్ వరకు ఉన్న ధ్వనులే బాగా అందుతాయి. "ఎస్", "ఎఫ్" లాంటి హల్లుల బలమంతా అంతకంటే పైన ఉంటుంది. అది పోతే మిగిలేది అచ్చులే. అలాంటప్పుడు "ఫైవ్", "నైన్" రెండూ ఒకేలా వినిపిస్తాయి. అందుకే తొమ్మిదిని "నైనర్" అనీ, అయిదును "ఫైఫ్" అనీ పలకాలని నియమం పెట్టారు. ఇంగ్లిష్ అక్షరాల్లో బీ, డీ, పీ, టీ అన్నీ "ఈ" కారంతోనే ముగుస్తాయి కదా. వాటి బదులు బ్రావో, డెల్టా, పాపా, టాంగో అనే పదాలు వచ్చాయి. ఈ వర్ణమాలను వేర్వేరు దేశాల వాళ్ల చేత పలికించి, వినిపించి పరీక్షించాకే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో 1956లో ఇప్పుడున్న రూపంలో అమల్లోకి తెచ్చింది. అందులో జూలియెట్ చివర రెండు టీలు రాస్తారు. ఒక్కటే ఉంటే ఫ్రెంచివాళ్లు దాన్ని పలకకుండా వదిలేస్తారని ఆ జాగ్రత్త.

ఈ రేడియోలు ఎఫ్‌ఎం కాదు, ఏఎం. నాణ్యత తక్కువైనా దాన్నే ఉంచుకోవడానికి ఒక మంచి కారణం ఉంది. ఎఫ్‌ఎంలో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే బలమైన గొంతు రెండోదాన్ని పూర్తిగా మింగేస్తుంది. ఏఎంలో అయితే కీచుమనే శబ్దం వస్తుంది, ఇంకెవరో మాట్లాడబోయారని అందరికీ తెలుస్తుంది.

ఆ కీచు శబ్దమే 1977 మార్చి 27న టెనెరిఫె దీవిలో వినిపించింది. లాస్ రోడియోస్ విమానాశ్రయమంతా పొగమంచు. రన్‌వే ఒక చివర కేఎల్‌ఎం సంస్థ 747 ఎగరడానికి సిద్ధంగా ఉంది. అదే రన్‌వే మీద పాన్ యామ్ 747 ఇంకా టాక్సీ చేస్తోంది, అంటే నేల మీద మెల్లగా నడుస్తోంది. కంట్రోలర్ కేఎల్‌ఎంకు ఎగిరాక వెళ్లాల్సిన దారి మాత్రమే చెప్పాడు, టేకాఫ్‌కు అనుమతి ఇవ్వలేదు. అయితే ఆ సూచనలో "టేకాఫ్" అనే మాట దొర్లింది. కో పైలట్ దాన్ని తిరిగి చదివి, "ఇప్పుడు టేకాఫ్ దగ్గర ఉన్నాం" అనే అర్థం వచ్చేలా ఇంగ్లిష్‌లో అన్నాడు. వాళ్లు రన్‌వే చివర నిలబడి ఉన్నారనుకున్నాడు కంట్రోలర్. నిజానికి విమానం అప్పటికే కదిలింది. కంట్రోలర్ "ఓకే" అని, ఒక క్షణం ఆగి, టేకాఫ్‌కు వేచి ఉండమన్నాడు. సరిగ్గా అప్పుడే పాన్ యామ్ పైలట్ తాము ఇంకా రన్‌వే మీదే ఉన్నామని చెప్పబోయాడు. రెండు మాటలూ కలిసిపోయి కీచుమన్నాయి. కేఎల్‌ఎం కాక్‌పిట్‌లో స్పష్టంగా వినిపించింది "ఓకే" ఒక్కటే. 583 మంది చనిపోయారు. విమాన ప్రమాదాల చరిత్రలో అంతకంటే పెద్దది ఈనాటికీ లేదు.

ఆ తర్వాత "టేకాఫ్" అనే మాటను కట్టడి చేశారు. ఎగరడానికి అనుమతి ఇచ్చేటప్పుడు, లేదా ఇచ్చిన అనుమతిని రద్దు చేసేటప్పుడు మాత్రమే అది వినపడాలి. మిగతా సందర్భాలన్నిటిలో "డిపార్చర్" అంటారు. "ఓకే"కూ అక్కడ చోటు లేదు. దాని స్థానంలో పనికొక మాట ఉంది. "రోజర్" అంటే మీరు చెప్పింది పూర్తిగా అందిందని మాత్రమే. సరే అన్నట్టు కాదు, చేస్తానని కూడా కాదు. చేస్తానని చెప్పాలంటే "విల్కో". కుదరదంటే "అనేబుల్". అవునంటే "అఫర్మ్". "అఫర్మేటివ్" అని పూర్తిగా ఎందుకు అనరంటే, రేడియోలో మొదటి ముక్క తెగిపోతే మిగిలిన "టివ్" వినేవాళ్లకు "నెగటివ్"లా తోచవచ్చు. ముఖ్యమైన అనుమతులన్నిటినీ పైలట్ తిరిగి చదవాలి, కంట్రోలర్ ఆ చదివింది జాగ్రత్తగా వినాలి. మొదటి సగాన్ని రీడ్‌బ్యాక్ అంటారు. కౌలాలంపూర్‌లో పైలట్లు తిరిగి చదివారు, వినడం దగ్గరే గొలుసు తెగింది.

ఇక నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది క్యూఎన్‌హెచ్. మోర్స్ కాలంలో పెద్ద ప్రశ్నను మూడక్షరాల్లో పంపడానికి పుట్టిన క్యూ కోడ్‌లలో ఇదొకటి. విమానంలో ఎత్తు చూపే ఆల్టిమీటర్ నిజానికి గాలి పీడనాన్ని కొలుస్తుంది. పైకి పోయేకొద్దీ పీడనం తగ్గుతుంది, నేలకు దగ్గర్లో సుమారు 28 అడుగులకు ఒక హెక్టోపాస్కల్ చొప్పున. కానీ నేల దగ్గరి పీడనం వాతావరణాన్ని బట్టి మారుతూనే ఉంటుంది కాబట్టి, లెక్క ఎక్కడ మొదలుపెట్టాలో ఆల్టిమీటర్‌కు చెప్పాలి. క్యూఎన్‌హెచ్ అనే పీడనం అంకె పెడితే అది సముద్ర మట్టం నుంచి ఎత్తు చూపుతుంది. క్యూఎఫ్‌ఈ అనే మరో అంకె పెడితే రన్‌వే మీద ఉన్నప్పుడు సున్నా చూపుతుంది.

బాగా పైకి వెళ్లాక రెండూ వద్దు. ప్రపంచంలో ఎక్కడున్నా అందరూ 1013.25 హెక్టోపాస్కల్స్ పెట్టుకుంటారు. అమెరికాలో 18,000 అడుగులు దాటగానే ఈ మార్పు చేస్తారు, చాలా దేశాల్లో ఇంకా కిందే. ఆ తర్వాత ఎత్తును అడుగుల్లో చెప్పరు, "ఫ్లయిట్ లెవెల్ త్రీ ఫైవ్ జీరో" అంటారు. అంటే ప్రామాణిక పీడనం ప్రకారం 35,000 అడుగులు. ఆ రోజు అసలు ఎత్తు అంతకంటే కొంచెం అటో ఇటో ఉండవచ్చు. ఫర్వాలేదు, ఎందుకంటే పక్క విమానం లెక్కలోనూ అంతే తేడా ఉంటుంది. అందరూ ఒకే తేడాతో ఎగురుతున్నంతసేపు వాళ్ల మధ్య దూరం చెక్కుచెదరదు. ఎంత తెలివైన ఏర్పాటో చూడండి!

కింద మాత్రం ఒక్క అంకె తప్పినా కష్టమే. 2022 మే 23న పారిస్‌లోని షార్ల్ ద గోల్ విమానాశ్రయంలో ఒక ఎయిర్‌బస్ ఏ320 వానలో, మబ్బుల్లోంచి దిగుతోంది. అప్పటి క్యూఎన్‌హెచ్ 1001. కంట్రోలర్ నోటి వెంట 1011 అని వచ్చింది. పైలట్లు అదే తిరిగి చదివారు, అదే పెట్టుకున్నారు. పది హెక్టోపాస్కల్స్ తేడా అంటే విమానం తాను అనుకున్నదానికన్నా దాదాపు 280 అడుగులు కిందుగా వస్తున్నట్టు. రన్‌వే ఇంకా కిలోమీటరుకు పైగా దూరం ఉండగానే అది నేలకు 6 అడుగుల ఎత్తుకు వచ్చేసింది. పైలట్లకు రన్‌వే కనిపించక, అప్పటికే మళ్లీ పైకి లేవాలని నిర్ణయించుకోవడంతో అందరూ బతికారు. తిరిగి చదివించడం అనే పద్ధతికి ఉన్న హద్దు ఇక్కడ కనిపిస్తుంది. చెప్పడంలోనే తప్పు ఉంటే, ఆ తప్పు అందంగా తిరిగి వస్తుంది.

టేకాఫ్ సమయంలో వినిపించే ముఖ్యమైన మాటలు మూడు. "వీ వన్" అనగానే పైలట్ చెయ్యి థ్రాటిల్ (ఇంజిన్ శక్తిని పెంచే, తగ్గించే మీట) మీంచి తీసేస్తారు. ఆ వేగం దాటాక ఇంజిన్ ఆగినా సరే ఆపే ప్రయత్నం చేయకూడదు, మిగిలిన రన్‌వే బ్రేకులకు చాలదు. బరువు, ఉష్ణోగ్రత, రన్‌వే పొడవు, తడి అన్నీ చూసి ప్రతి టేకాఫ్‌కూ ఈ వేగాన్ని విడిగా లెక్కిస్తారు. తర్వాత "రొటేట్", అంటే ముక్కు పైకి లేపు. "వీ టూ" ఒక ఇంజిన్ పోయినా క్షేమంగా పైకి ఎక్కగల వేగం.

ఆపద గురించి చెప్పే మాటల్లో మొహమాటం పనికిరాదు. 1990 జనవరి 25న న్యూయార్క్ చేరిన అవియాంకా విమానం చాలాసేపు గాల్లో చక్కర్లు కొట్టాల్సి వచ్చింది. ఇంధనం అడుగంటుతోందని పైలట్లు చెప్పారు, "ప్రయారిటీ" కావాలన్నారు. "ఎమర్జెన్సీ" అనలేదు, ప్రాణాపాయంలో ఉన్నామని చెప్పే "మేడే" అనలేదు. ఇంధనం అయిపోయి విమానం లాంగ్ ఐలాండ్‌లో కూలింది, 73 మంది పోయారు. ఇప్పుడు దీనికి రెండు మెట్లు ఉన్నాయి. "మినిమమ్ ఫ్యూయల్" అంటే ఇక ఆలస్యం తట్టుకోలేమని ముందస్తు హెచ్చరిక. "మేడే ఫ్యూయల్" అంటే చివరి నిల్వను ముట్టుకోక తప్పేలా లేదని, అది అత్యవసర స్థితేనని. ప్రాణాపాయం అంత దగ్గర్లో లేకపోయినా త్వరగా సాయం కావాలంటే "పాన్ పాన్". మాట్లాడే వీలే లేకపోతే, రాడార్‌కు విమానం గుర్తును పంపే ట్రాన్స్‌పాండర్‌లో నాలుగంకెల కోడ్ పెడతారు. హైజాక్‌కు 7500, రేడియో పోతే 7600, మరే ఆపదకైనా 7700.

2002 జులై 1న జర్మనీ గగనతలంలో రెండు విమానాలు ఎదురుపడినప్పుడు ఒకదానిలోని టీక్యాస్ (విమానాలు ఢీకొనకుండా హెచ్చరించే) పరికరం పైకి వెళ్లమంది, కంట్రోలర్ కిందకు దిగమన్నాడు. పైలట్లు కంట్రోలర్ మాట విన్నారు. రెండో విమానమూ దిగుతుండటంతో రెండూ ఢీకొన్నాయి. 71 మంది చనిపోయారు. ఇప్పుడు పైలట్ "టీక్యాస్ ఆర్ఏ" అన్నాడంటే యంత్రం చెప్పినట్టు నడుచుకుంటున్నాడని అర్థం. కంట్రోలర్ ఆ విమానానికి దారి మార్చే సూచనలు ఇవ్వకూడదు.

ఇంత శ్రద్ధగా పెంచిన భాషలో ఒక మూల మాత్రం బాగాలేదని నా అభిప్రాయం. నోటమ్ అనే ప్రకటనలు ఉన్నాయి. మూసిన రన్‌వేలు, ఆరిపోయిన దీపాలు, కొత్తగా లేచిన క్రేన్లు అన్నీ వీటిలో చెబుతారు. ఇవి టెలిప్రింటర్ కాలం నాటి పొట్టి అక్షరాల్లో, అన్నీ పెద్దబడి అక్షరాలతో, ఏది ముఖ్యమో ఏది కాదో తేడా లేకుండా వరసగా వస్తాయి. 2017 జులైలో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక ఎయిర్‌బస్ రన్‌వే అనుకుని టాక్సీవే (విమానాలు రన్‌వేకు నడిచి వెళ్లే దారి) మీదకు దిగబోయింది. అక్కడ ప్రయాణికులతో నిండిన నాలుగు విమానాలు వరసలో ఉన్నాయి. వాటికి కొద్ది అడుగుల పైనుంచి తప్పించుకుని మళ్లీ పైకి లేచింది. పక్క రన్‌వే మూసి ఉందని గుర్తులేకపోవడం వల్లే ఆ పైలట్లు పొరబడ్డారు. ఆ సమాచారం వాళ్ల దగ్గరున్న 27 పేజీల కట్టలో 8వ పేజీలో ఉంది. రేడియోలో క్లుప్తత ప్రాణాలు కాపాడుతుంది. తీరిగ్గా చదువుకునే కాగితం మీద అదే క్లుప్తత ముఖ్యమైన విషయాన్ని కప్పేస్తుంది. వీటిని పూర్తి వాక్యాల్లో, ముఖ్యమైనది ముందు వచ్చేలా రాయడానికి అడ్డేమీ లేదు.

మహాసముద్రాల మీద వీహెచ్‌ఎఫ్ అందదు. అక్కడ ఇప్పుడు చాలా విమానాలు డేటా లింక్ ద్వారా కంట్రోలర్‌తో రాతలో మాట్లాడుతున్నాయి. ఆ తెరమీద వాక్యాలు చాలావరకు ముందే తయారుచేసినవి, ఎత్తు, వేగం లాంటి అంకెలు మాత్రం నింపాలి. సూచన రాగానే పైలట్ నొక్కడానికి మూడు జవాబులు కనిపిస్తాయి: విల్కో, అనేబుల్, స్టాండ్‌బై (కాస్త ఆగండి).