పసుపు గీత ఎవరిది? గుంటూరు గ్రహణం వెనుక కథ

పోటీ పరీక్షలకు చదివేవారికి బాగా తెలిసిన ప్రశ్న ఇది: హీలియంను మొదట ఎక్కడ కనుగొన్నారు? గుంటూరులో. ఎవరు? ఫ్రెంచి శాస్త్రవేత్త పియర్ జాన్సెన్. ఎప్పుడు? 1868 ఆగస్టు 18న, సంపూర్ణ సూర్యగ్రహణం నాడు. గుంటూరు గొప్పతనం గురించి రాసేవారు ఈ మూడు జవాబులనూ కలిపి ఒకే వాక్యంగా రాసేస్తారు.

ఆ వాక్యంలో తేదీ నిజం, ఊరు నిజం, మనిషి నిజం. హీలియం మాత్రం నిజం కాదు. జాన్సెన్ గుంటూరులో సాధించినది అంతకంటే చిన్నదేమీ కాదు. నా దృష్టిలో అది ఇంకా పెద్దది. ఆ అసలు సంగతి మరుగున పడి, ఆయన చెప్పని మాట ఆయన పేరుమీద నిలిచిపోవడం బాధాకరం. హీలియం జాడ చూపిన పసుపు గీతను గమనించినవారిలో ఒకరు ఆ రోజు మచిలీపట్నంలో ఉన్నారు. ఆయన పేరు మన పుస్తకాల్లో దాదాపు కనిపించదు.

సంపూర్ణ గ్రహణంలో సూర్యబింబం పూర్తిగా మూసుకుపోయినప్పుడు, ఆ నల్లటి వలయం అంచున ఎర్రటి మంట నాలుకల లాంటివి కనిపిస్తాయి. అవి సూర్యుడివా, చంద్రుడివా అన్న వాదం చాలాకాలం నడిచింది. 1860లో స్పెయిన్‌లో కనిపించిన గ్రహణాన్ని ఫొటోలు తీశాక అవి సూర్యుడివేనని తేలింది. అయితే అవి దేనితో తయారయ్యాయి? ఈ ప్రశ్నకు జవాబు చెప్పగల పరికరం అప్పుడప్పుడే వచ్చింది. 1859లో జర్మనీలో కిర్కాఫ్, బున్సెన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు, వేడెక్కిన ప్రతి మూలకమూ తనవైన రంగు గీతలను మాత్రమే వెలువరిస్తుందని నిరూపించారు. పొయ్యి మంటలో ఉప్పు పడితే పసుపుగా భగ్గుమనడం వంటింట్లో చూస్తూనే ఉంటాం. అది ఉప్పులోని సోడియం రంగు. వెలుగును రంగులుగా విడదీసి చూపే ఆ కొత్త పరికరం, వర్ణపట దర్శినిలో చూస్తే ఆ పసుపు పక్కపక్కనే ఉన్న రెండు గీతలుగా విడిపోతుంది. ఆ జంట గీతలకు డి అని పేరు. ఈ కథంతా వాటి చుట్టూనే తిరుగుతుంది.

కొత్త పరికరంతో ఎర్రటి మంటలను చూడాలంటే దీర్ఘమైన గ్రహణం కావాలి. 1868 నాటి గ్రహణం సరిగ్గా అలాంటిది. దాని నీడ పడమటి తీరాన భారతదేశంలోకి ప్రవేశించి, దక్కన్‌ను దాటి, మచిలీపట్నం దగ్గర బంగాళాఖాతంలోకి దిగింది. మన ప్రాంతంలో చీకటి ఐదు నిమిషాలకు పైగా నిలిచింది. ఆ తర్వాత సయాంలో (నేటి థాయ్‌లాండ్) ఇంకా ఎక్కువ సేపు. అక్కడి రాజు మోంగ్‌కుట్ స్వయంగా ఖగోళ గణితం తెలిసినవాడు. గ్రహణాన్ని తానే లెక్కగట్టి, చిత్తడి నేలల్లో విడిది చేసి చూశాడు. అక్కడ సోకిన జ్వరంతో అక్టోబరు 1న కన్నుమూశాడు.

భారతదేశంలో ఈ నీడ దారి వెంట బృందాలు మోహరించాయి. పడమట జంఖండిలో లెఫ్టినెంట్ జాన్ హెర్షెల్. యురేనస్‌ను కనుగొన్న విలియం హెర్షెల్‌కు మనుమడు. గుంటూరులో రెండు బృందాలు: బ్రిటిష్ వారి తరఫున మేజర్ టెనంట్, ఫ్రెంచి వారి తరఫున జాన్సెన్. మచిలీపట్నంలో మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పోగ్సన్. నిజాం ఏలుబడిలోని వనపర్తిలో పోగ్సన్ సహాయకుడు చింతామణి రఘునాథాచారి. ఒక్క గ్రహణానికి మూడు తెలుగు ఊళ్లు శాస్త్ర పరిశోధన కేంద్రాలయ్యాయి.

జాన్సెన్‌కు అప్పటికి నలభై నాలుగేళ్లు. చిన్నతనంలో జరిగిన ప్రమాదం వల్ల ఒక కాలు కుంటుపడింది. ఆ కాలితోనే జీవితమంతా కొండలెక్కాడు, సముద్రాలు దాటాడు. గుంటూరును ఆయన ఊరికే ఎంచుకోలేదు. తీరానికి దగ్గరైతే సముద్రపు ఆవిరి, కొండలకు దగ్గరైతే మబ్బులు. గుంటూరు ఈ రెండింటికీ మధ్యన ఉంది. పైగా అది పత్తి వ్యాపారానికి పేరున్న ఊరు, కొన్ని ఫ్రెంచి వ్యాపార కుటుంబాలు అక్కడ ఉండేవి. వారిలో లఫోషర్ అనే వ్యాపారి తన మేడ పై అంతస్తును ఆయనకు ఇచ్చాడు. పరికరాలు అక్కడే అమర్చారు.

శ్రావణ బహుళ అమావాస్య, మంగళవారం. వానాకాలం కావడంతో అంతకుముందు రోజుల్లో ఆకాశం భయపెట్టింది. ఆ ఉదయం మాత్రం పలచటి పొర తప్ప పెద్ద అడ్డేమీ లేదు. తొమ్మిది గంటల ప్రాంతంలో చీకటి కమ్మింది. సూర్యుడి అంచున రెండు పెద్ద మంటలు లేచి ఉన్నాయి. ఒకటి దాదాపు పది భూగోళాలను ఒకదానిపై ఒకటి పేర్చినంత ఎత్తు. అదే ఊళ్లో ఫొటోలు తీస్తున్న టెనంట్ దాన్ని కొమ్ముతో పోల్చాడు. జాన్సెన్ వర్ణపట దర్శినిని దానిమీదికి తిప్పగానే నల్లటి నేపథ్యంలో ధగధగలాడే గీతలు కనిపించాయి. ఎరుపులో ఒకటి, నీలంలో ఒకటి. రెండూ హైడ్రోజన్‌వి. అంటే ఆ మంటలు వేడెక్కి వెలుగుతున్న వాయువు. ప్రశ్నకు జవాబు దొరికింది.

అంతవరకు ఆ రోజు మిగతా బృందాలు కూడా చూశాయి. జాన్సెన్‌కు మాత్రమే ఇంకో ఆలోచన మెరిసింది. గీతలు ఇంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకుండా కూడా వీటిని చూడవచ్చు కదా!

ఇందులోని కిటుకును రైతు కళ్లం మీద చూపవచ్చు. కుప్పగా ఉన్న ధాన్యాన్ని కళ్లమంతా పరిస్తే ఎక్కడ చూసినా పలచబడుతుంది. సూర్యుడి మామూలు వెలుగులో అన్ని రంగులూ ఉంటాయి కాబట్టి, దర్శినిలోని పట్టకం దాన్ని ఎంత వెడల్పుగా పరిస్తే అంత మసకబారుతుంది. మంటల వెలుగు అలా కాదు. అది మూడు నాలుగు గీతల్లోనే ముద్దగా ఉంటుంది. ఎంత పరిచినా ఆ గీతలు పలచబడవు. అందుకే పట్టపగలు కూడా అవి పైకి తేలతాయి.

ఆ మధ్యాహ్నం మబ్బులు కమ్మి ప్రయత్నం సాగలేదు. మరునాడు తెల్లవారకముందే లేచి కూర్చున్నాడు. ఆగస్టు 19 ఉదయం, సూర్యుడు పైకి రాగానే, దర్శినిలోకి వెలుగు వచ్చే సన్నని చీలికను సూర్యబింబం అంచుకు ఆనించాడు. ఎర్ర గీత కనిపించింది. గ్రహణం లేదు, చీకటి లేదు, అయినా కనిపించింది. చీలికను కొంచెం కొంచెంగా జరుపుతూ మంట ఆకారాన్ని గీసుకున్నాడు. నిన్న ఉన్న ఆకారం ఈరోజు లేదు. మనిషి సూర్యుడి మంటలను తీరుబడిగా, రోజుకు రోజు పోల్చి చూడడం అదే మొదలు. అంతవరకు శాస్త్రవేత్తలు ఆ కొద్ది నిమిషాల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసి, ఖండాలు దాటి వెళ్లేవారు. జాన్సెన్ గుంటూరులోనే ఉండి సెప్టెంబరు 4 వరకు పదిహేడు రోజులు చూశాడు. గుంటూరు గర్వించవలసిన రోజు ఆగస్టు 18 కంటే 19 అని నా నమ్మకం.

ఫలితాలను వివరిస్తూ సెప్టెంబరు 19న పారిస్ శాస్త్ర అకాడమీకి ఉత్తరం రాశాడు. రాసింది కాకినాడ నుంచి. అకాడమీవారు దాన్ని అచ్చువేసినప్పుడు శీర్షికలో 'కాకినాడలో లభించిన ఫలితాలు' అనే వేశారు. పని జరిగిన ఊరి పేరు శీర్షికలోకి ఎక్కనేలేదు.

ఓడ టపాలో ఆ ఉత్తరం పారిస్ చేరేసరికి అక్టోబరు చివరి వారం వచ్చింది. ఈలోగా ఇంగ్లండులో నార్మన్ లాకియర్ అనే వ్యక్తికి, యుద్ధ శాఖ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేస్తూ ఖాళీ వేళల్లో ఆకాశం చూసే అతనికి, చాలాకాలం క్రితం చేయమని పురమాయించిన వర్ణపట దర్శిని చేతికి అందింది. జాన్సెన్‌కు తట్టిన ఆలోచనే అతనికి రెండేళ్ల ముందే తట్టింది, సరైన పరికరం లేక ఆగిపోయాడు. అక్టోబరు 20న గ్రహణం లేకుండానే మంటల గీతలను చూశాడు. ఆ వార్త పారిస్‌కూ పంపారు. అక్టోబరు 26న అకాడమీ సమావేశంలో ఇద్దరి కబురూ ఒకే రోజు అందింది. ఎవరు ముందన్న వివాదం రాకుండా గౌరవాన్ని ఇద్దరికీ పంచారు. 1872లో ఫ్రెంచి ప్రభుత్వం ఇద్దరి ముఖాలతో ఒక పతకం ముద్రించింది. దాని వెనుక వైపు ఉన్న మాటలు: సౌర జ్వాలల విశ్లేషణ, 18 ఆగస్టు 1868. హీలియం ఊసు లేదు.

ఇక పసుపు గీత సంగతి. గ్రహణం నాడు దాన్ని పలువురు చూశారు. గుంటూరులో టెనంట్, జంఖండిలో హెర్షెల్, సయాంలో ఫ్రెంచి బృందంలోని రాయె. అందరూ దాన్ని సోడియం గీత అనుకున్నారు. పసుపులో గీత ఉంటే అది ఉప్పు గీతే అనుకోవడం సహజం. మచిలీపట్నంలో పోగ్సన్ మాత్రం ఆ గీత డి దగ్గరే ఉందని తెగేసి చెప్పలేదు. డి వద్ద గానీ, దానికి చాలా దగ్గరగా గానీ ఉందన్నాడు. ఈ 'గానీ'లోనే హీలియం దాగి ఉంది. నాలుగేళ్ల క్రితమే, 1864 నవంబరు 1 నాటి ఉప్పెనలో దాదాపు 30,000 మందిని పోగొట్టుకున్న ఊరు మచిలీపట్నం. ఆ ఊళ్లో నిలబడి రాసుకున్న ఈ ఒక్క మాట మద్రాసు ప్రభుత్వం అచ్చువేసిన నివేదికలో ఉండిపోయింది. ఐరోపాలో దాన్ని చదివినవారు తక్కువ.

జాన్సెన్ ఉత్తరంలో పసుపు గీత ప్రసక్తే లేదు.

అది సోడియంది కాదని స్పష్టంగా కొలిచి చెప్పినవాడు లాకియర్. సోడియం జంట గీతలు 589.0, 589.6 నానోమీటర్ల వద్ద ఉంటాయి, ఇది 587.6 దగ్గర. తేడా అంతే. దానికి డి3 అని పేరు వచ్చింది. రసాయన శాస్త్రవేత్త ఫ్రాంక్‌లాండ్‌తో కలిసి హైడ్రోజన్‌ను రకరకాల ఒత్తిడుల్లో పరీక్షించినా ఆ గీత రాలేదు. భూమిమీద లేని కొత్త మూలకమేమోనన్న అనుమానం బలపడింది. సూర్యుడికి గ్రీకు పేరైన హీలియోస్ నుంచి హీలియం వచ్చింది. 1871లో బ్రిటిష్ అసోసియేషన్ సభలో విలియం థామ్సన్ ఆ పేరును బహిరంగంగా పలికాడు. పేరు చివరి 'ఇయం' లోహాలకు పెట్టే తోక. వాయువని తెలిసి ఉంటే నియాన్, ఆర్గాన్‌లలాగా దీనికీ 'ఆన్' తగిలించేవారు.

చాలామంది నమ్మలేదు. 1895 మార్చిలో విలియం రామ్సే యురేనియం ఉన్న ఒక ఖనిజాన్ని ఆమ్లంతో చర్య జరిపి, వెలువడిన వాయువును పరీక్షిస్తే సరిగ్గా ఆ పసుపు గీతే కనిపించింది. ఆయన వెతుకుతున్నది ఆర్గాన్ కోసం. యురేనియం క్షీణిస్తూ వదిలే కణాలే హీలియంగా మారి రాతిలో చిక్కుకుంటాయని తర్వాత తెలిసింది. రామ్సే ఆ గీతను చూసేనాటికి జాన్సెన్, లాకియర్ ఇద్దరూ బతికే ఉన్నారు.

పొరపాటు ఇక్కడే మొదలై ఉంటుంది. మంటలను చూసే పద్ధతికి ఇద్దరికీ కలిపి గౌరవం దక్కింది. ఆ ఇద్దరిలో ఒకరు హీలియంను ఊహించారు. 1895 తర్వాత హీలియం ప్రసిద్ధమయ్యేసరికి, పతకం మీద జంటగా ఉన్న ముఖాలే హీలియం కథలోకీ జంటగా వచ్చేశాయి. లాకియర్ తేదీ అక్టోబరు 20 పక్కకు తప్పుకుని, గ్రహణం తేదీ ఆగస్టు 18 ముందుకొచ్చింది. దానితో పాటు గుంటూరు కూడా.

ఈ సవరణతో మన ప్రాంతానికి నష్టమేమీ లేదు. గుంటూరుకు సూర్యుడిని గ్రహణం లేకుండా చదవడం నేర్పిన ఘనత ఉంది. మచిలీపట్నానికి పోగ్సన్ రాసుకున్న ఆ సందేహం ఉంది. పోగ్సన్ నివేదిక శీర్షికలో మచిలీపట్నం పక్కనే వనపర్తి పేరు కూడా అచ్చయింది. అక్కడి బృందాన్ని నడిపిన రఘునాథాచారి అంతకు ఏడాది ముందే, 1867లో, కాంతి మారే ఒక నక్షత్రాన్ని గుర్తించాడు. అలాంటి నక్షత్రాన్ని కనుగొన్న తొలి భారతీయుడు ఆయనే. 1872లో లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సభ్యత్వం పొందిన తొలి భారతీయుడూ ఆయనే. 1874లో శుక్రుడు సూర్యబింబాన్ని దాటే ముందు, ఆ ఘటన ఏమిటో మామూలు జనానికి అర్థమయ్యేలా సంభాషణ రూపంలో చిన్న పుస్తకం రాసి భారతీయ భాషల్లోకి తెచ్చాడు. పంచాంగాలను ప్రత్యక్షంగా కనబడే ఆకాశంతో సరిపోల్చి సరిదిద్దాలని వాదించి, తానే అలా గణించి వెలువరించాడు. 1880లో మరణించాడు. పోటీ పరీక్షల పుస్తకాల్లో ఆయన గురించి ప్రశ్న నాకు ఇంతవరకు కనిపించలేదు.