మంట ఆరాక మొదలయ్యే పరీక్ష

చెన్నై త్యాగరాయనగర్‌లోని పానగల్ పార్కులో ఉదయపు నడక ముగించి బల్లల మీద చేరే తెలుగువారిలో, దూరదేశంలో బావి తవ్వుతున్న ఒక చిన్న చమురు కంపెనీ షేర్లు కొన్నవారు కొందరున్నారు. బావి ఎంత చమురు ఇస్తుందో చూసే పరీక్ష మొదలైన రోజున అక్కడ ఎగసిన మంట ఫొటో వారి ఫోన్లలో తిరిగింది, అందరూ సంతోషించారు. మూడోనాడు బావిని మూశారన్న వార్త రాగానే నెల్లూరు పెద్దాయన ఒకరు దిగాలుపడి, "ఏందయ్యా, అప్పుడే మూసేసినారే!" అన్నారు.

అలా మూయడం కూడా పరీక్షలో భాగమేనని చెప్పి, ఆయనకు మన బోరుబావినే గుర్తుచేశాను. బోరు వేసి కంప్రెసర్‌తో ఊదినప్పుడు పైకి చిమ్మే నీళ్లను చూసి ఊట ఎంతో చెప్పలేము; మోటారు ఆపాక, దిగిన నీటిమట్టం ఎంతసేపటికి ఎంతవరకు తిరిగి వచ్చిందో గమనించినవారికే అది తెలుస్తుంది.

కంపెనీ ప్రకటించే "రోజుకు ఇన్ని పీపాలు" అన్న అంకె చాలాసార్లు కొన్ని గంటల ప్రవాహాన్ని రోజు లెక్కకు హెచ్చించి చెప్పినదే. పీపా అంటే సుమారు 159 లీటర్లు. చమురు బయటికి వచ్చే చోక్ రంధ్రం వ్యాసాన్ని అంగుళంలో 64వ వంతుల్లో చెబుతారు. దాన్ని 32 నుంచి 64కు పెంచితే వ్యాసం రెట్టింపే అయినా వైశాల్యం నాలుగింతలవుతుంది, కాబట్టి అదే బావి ఎంతో ఎక్కువ ఇస్తున్నట్టు కనిపిస్తుంది, కాని బావి తలవద్ద పీడనం పడిపోతుంది. చోక్ కొలత, పీడనం చెప్పని ప్రకటనను నేను సగం వార్తగానే లెక్కిస్తాను.

వాల్వు మూశాక, రాతి సన్నని రంధ్రాలలోని చమురు బావి వైపు నెట్టుకువస్తూ ఉండగా, లోతున దించిన పీడనమాపకం ఆ పెరుగుదలను క్షణక్షణం నమోదు చేస్తుంది. తొలి నిమిషాలు బావి గోడ దగ్గరి సంగతి చెబుతాయి: తవ్వకపు బురద రాతిని పూడ్చివేసి ఉంటే ఇక్కడే తెలుస్తుంది, ఆమ్లంతో శుద్ధి చేస్తే అలాంటి బావి కోలుకోవచ్చు కూడా, అందువల్ల చిన్న అంకె వచ్చిందని వెంటనే షేర్లు అమ్ముకోవడమూ తొందరపాటే. తరువాతి గంటలు రాయి ఎంత సులువుగా చమురును పారనిస్తుందో చెబుతాయి. పీడనం పెరిగిన తీరును గీసిన ఈ రేఖను చదివే పద్ధతిని హార్నర్ అనే పరిశోధకుడు 1951లో వివరించాడు. ఆ రేఖను పొడిగించినప్పుడు తేలిన పీడనం, కొద్దిపాటి చమురు తీసినందుకే, మొదటి పీడనం కన్నా స్పష్టంగా తగ్గి ఉంటే నిల్వ చిన్నదని అనుమానించాలి. బావి నుంచి రాతిలో రెట్టింపు దూరం పరిశీలించాలంటే నాలుగింతల కాలం కావాలి; అందుకే ఎక్కువ గంటలు మూసి ఉంచడం పరీక్షకు మేలే.

అయినా ఈ పరీక్ష చూపు ఏళ్ల దూరం వెళ్లదు. మన కృష్ణా గోదావరి బేసిన్‌లోని డీ6 క్షేత్రం నుంచి 2009లో గ్యాసు రావడం మొదలై, 2010లో రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్లు దాటి, ఆ తరువాత కొన్నేళ్లలోనే పీడనం తగ్గి, నీరు చేరి బాగా క్షీణించింది.

ఇదంతా విన్నాక పెద్దాయన కళ్లజోడు సవరించుకుని కంపెనీ ప్రకటనను మళ్లీ తెరిచి, బావిని ఎన్ని గంటలు మూసి ఉంచుతారో చెప్పే వాక్యం కోసం మొదటినుంచి చివరిదాకా వెతికారు. అది అందులో లేదు.