బిడ్డ ఎందుకు చనిపోయాడని అడగాలంటే ఎంత కావాలి

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగు ఇళ్ళల్లో ఒక మాట చాలాసార్లు విన్నాను. "కోయిస్తే మా గుంటడు లేచొస్తాడా బాబూ" అని. హాస్టల్లోనో చెరువులోనో ఎవరింటి పనిలోనో పిల్లాడు చనిపోతే, ఒంటి మీద దెబ్బలు కనిపిస్తున్నా సరే, పోస్టుమార్టం వద్దని కన్నతండ్రే అంటాడు. బయటివాళ్ళకి అది తెలియనితనంలా కనిపిస్తుంది. నేను ఒప్పుకోను. ఆ తండ్రి లెక్క వేసుకునే ఆ మాట అంటున్నాడు.

శవాన్ని పెద్దాసుపత్రికి చేర్చాలి, మళ్ళీ తెచ్చుకోవాలి, స్టేషన్ చుట్టూ తిరగాలి, తిరిగినన్నాళ్ళూ కూలి పోతుంది. గంజాం వైపైతే మగవాళ్ళు చాలామంది సూరత్ మగ్గాల దగ్గర ఉంటారు కాబట్టి, తండ్రి రైలు దిగేసరికే ఊరి పెద్దలు రాజీ మాట్లాడేసి ఉంటారు. 2016లో మల్కన్‌గిరి జిల్లాలో ఏడేళ్ళ పాప అంబులెన్స్‌లోనే చనిపోతే డ్రైవరు దారి మధ్యలో దింపేశాడు, తండ్రి ఆ శవాన్ని చేతుల మీద మోసుకుంటూ నడిచాడు. అలాంటి దారుల్లో కేసు కోసం శవాన్ని ఇంకో ఊరికి తీసుకెళ్ళమని ఎవరికి చెబుతాం?

దీని వెనక పాత కథ ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రం అయ్యేదాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోది. కలకత్తా, బొంబాయి నగరాల్లో ఇలాంటి చావుల్ని విచారించడానికి కరోనర్ అని విడిగా ఒక అధికారి ఉండేవాడు. పల్లెల్లో ఆ ఏర్పాటు లేదు, ఊరి మునసబు కబురు పంపాలి, పోలీసు వచ్చి పంచనామా రాయాలి. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఉన్న ఆ పద్ధతే 1973 చట్టంలోకి వచ్చింది, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టంలోనూ పెద్దగా మారలేదు. మునసబు అంటే సాధారణంగా భూములున్న ఇంటివాడు. పిల్లాడు ఆ ఇంటివాళ్ళ పొలంలోనే చనిపోతే కబురు ఏమని వెళ్తుంది?

ఒక్కచోట మాత్రం చట్టం మారింది. వరకట్న చావుల మీద మహిళా సంఘాలు గట్టిగా పోరాడాక, 1983 సవరణతో, పెళ్ళయిన ఏడేళ్ళలోపు చనిపోయిన స్త్రీ శవాన్ని పోస్టుమార్టానికి పంపే విషయంలో విడిగా నిబంధనలు చేర్చారు. పిల్లల కోసం అలాంటిది రాయలేదు. వాళ్ళకి "మరణ కారణం మీద అనుమానం ఉంటే" అనే మామూలు వాక్యమే దిక్కు, ఆ అనుమానం ఉందని ఎవరో ఒకరు నిలబడి అనాలి.

నిలబడే శక్తి ఎవరికుందో ఢిల్లీకి చెరో పక్కన జరిగిన రెండు ఘటనల్లో కనిపిస్తుంది. నోయిడాలోని నిఠారీలో కూలివాళ్ళ పిల్లలు ఒక్కొక్కరే కనబడకుండా పోతున్నా పోలీసులు పట్టించుకోలేదు, 2006 డిసెంబరులో ఎముకలు బయటపడేదాకా ఆ తల్లిదండ్రుల మాట ఎవరూ వినలేదు. 2017 సెప్టెంబరులో గురుగ్రామ్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో ఏడేళ్ళ బాబు హత్యకి గురైతే, ఉద్యోగస్తుడైన తండ్రి కొద్ది రోజుల్లోనే సుప్రీంకోర్టుకి వెళ్ళాడు, కేసు సీబీఐకి వచ్చింది, అప్పటిదాకా హంతకుడని జైల్లో పెట్టిన బస్సు కండక్టరు కాదు, అదే స్కూలు పెద్ద క్లాసు విద్యార్థి అని సీబీఐ అంది. ఆ తండ్రిని నేను తప్పు పట్టను, ఆయన పట్టుదల వల్లే కదా ఒక పేదవాడు కూడా బయటపడ్డాడు.

డబ్బున్న ఇళ్ళన్నీ కేసు పెడతాయనీ కాదు. పరువు పోతుందని టెన్షన్ పడి తెల్లవారేలోగా దహనం చేసేవాళ్ళూ ఉన్నారు. కానీ వాళ్ళు కావాలంటే అడగగలరు, వద్దంటే ఆపగలరు.

మా వైపు ఇంకో చిక్కు భాష. ఫిర్యాదు రాసుకున్నాక చదివి వినిపించాలనీ, ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలనీ చట్టంలో ఉంది. పోలీసులు వారెంటు లేకుండానే అరెస్టు చేయగల నేరం (కాగ్నిజబుల్ నేరం) అని కనిపిస్తే ఎఫ్ఐఆర్ తప్పనిసరి అని 2013లో సుప్రీంకోర్టు లలితా కుమారి కేసులో చెప్పింది. కానీ ఇక్కడ కాగితం ఒడియాలో ఉంటుంది, చదివేదీ ఒడియాలోనే. మా వీధిలో ఒకాయన కొడుకు చావు కాగితాన్ని రేషన్ కార్డుతో పాటు ప్లాస్టిక్ కవర్లో దాచుకున్నాడు. ఆయన వేలిముద్ర వేసింది యూడీ కేసు కాగితం మీద, అంటే అసహజ మరణం అని మాత్రమే. హత్య కేసు పెట్టారనుకుని నాలుగేళ్ళు కోర్టు పిలుపు కోసం ఎదురుచూశాడు.