స్వరపేటిక క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత గొంతు: అపోహలు - వాస్తవాలు

కణితి స్వరపేటికలో శబ్దం పుట్టించే స్వరతంత్రుల దగ్గరే ఉండి, అవి ఇంకా కదులుతున్న తొలి దశలో చేసే ఆపరేషన్ గురించే ఇది. ముదిరిన దశ లెక్క వేరు. ఆపరేషన్ అయిన వారికి మాట నేర్పే స్పీచ్ థెరపిస్టుగా నేను తరచూ వినే మాటలివి.

అపోహ: ఆపరేషన్ అంటే మెడకు రంధ్రం, ఇక మాట ఉండదు.

వాస్తవం: స్వరపేటికను మొత్తంగా తీసివేసినప్పుడే మెడకు శాశ్వతంగా రంధ్రం ఉంటుంది. తొలి దశలో చాలావరకు నోటి గుండా గొట్టం పెట్టి, మైక్రోస్కోపులో చూస్తూ, కార్బన్ డయాక్సైడ్ లేజర్‌తో కణితి ఉన్న మేరకే తొలగిస్తారు. మెడ మీద గాటు కూడా పడదు.

అపోహ: లేజర్‌తో చేస్తే గొంతు మునుపటిలాగే ఉంటుంది.

వాస్తవం: గొంతు ఎలా ఉంటుందన్నది ఎక్కువగా కోత లోతును బట్టి తేలుతుంది. స్వరతంత్రిలో పైన పలుచని పొర, దాని కింద జిగురులాంటి మెత్తని పొర, దాని కింద స్నాయువు, అన్నిటికీ అడుగున కండరం ఉంటాయి. మాట్లాడేటప్పుడు పై పొర పాల మీద మీగడ కదిలినట్టు అలలుగా కదులుతుంది. అది మగవారిలో సెకనుకు సుమారు 100 సార్లు, ఆడవారిలో 200 సార్లు జరుగుతుంది. పై పొర వరకే తీస్తే కొన్ని వారాల్లో గొంతు చాలావరకు తేరుకుంటుంది. కండరం దాకా తీయవలసి వస్తే రెండు తంత్రుల మధ్య సందు మిగిలి, గాలి కారి, మాట తేలిపోతుంది. కోత ఎంత లోతు, ఎంత మేర అన్నదాన్ని బట్టి యూరోపియన్ స్వరపేటిక వైద్యుల సంఘం ఈ ఆపరేషన్‌ను 1 నుంచి 6 వరకు రకాలుగా విభజించింది. మీ డిశ్చార్జ్ కాగితంలో ఆ అంకె ఉందేమో చూసి, థెరపీకి వచ్చేటప్పుడు వెంట తెచ్చుకోండి. మాకు అన్నింటికన్నా పనికొచ్చే సమాచారం అదే.

అపోహ: గుసగుసగా మాట్లాడితే గొంతుకు విశ్రాంతి.

వాస్తవం: నాకు ఎక్కువ పని పెట్టే అపోహ ఇదే. ఆపరేషన్ అయ్యాక సర్జన్ చెప్పినన్నాళ్లు, మామూలుగా కొద్ది రోజులు, పూర్తి మౌనం పాటించిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఇంటావిడ కొనిచ్చిన పలకా బలపం పక్కన పెట్టి, ఆ తర్వాత మూడు వారాలు గుసగుసలతోనే గడిపారు. స్కోపులో (గొంతు లోపల చూసే కెమెరా గొట్టంలో) చూస్తే, స్వరతంత్రులకు పైన ఉండే మడతలు ఒకదానినొకటి బిగించి నొక్కుకుంటున్నాయి. ఆ అలవాటు వదిలించడానికే నెల పట్టింది. గ్లాసులో రెండు వేళ్ల లోతు నీళ్లు పోసి, స్ట్రా ముంచి, బుడగలు వచ్చేలా మెల్లగా 'ఊ' అనమన్నాను. మొదటి రోజు బుడగలే వచ్చాయి, శబ్దం రాలేదు. పదో రోజుకు శబ్దం వచ్చింది. మౌనం ముగిశాక మామూలు స్థాయిలో, తక్కువగా, దగ్గర ఉన్నవారితో మాట్లాడడమే మేలు.

అపోహ: రేడియేషన్ తీసుకుంటే గొంతు తప్పక బాగుంటుంది.

వాస్తవం: బాగా తొలి దశలో వ్యాధి నయం కావడంలో రెండూ దాదాపు సమానమే. పైపొర వరకే కోత సరిపోయే చోట గొంతులోనూ పెద్ద తేడా ఉండదు. లోతుగా కోయవలసిన చోట రేడియేషన్ వైపు మొగ్గు ఉండవచ్చు. అయితే రేడియేషన్‌కు వారానికి ఐదు రోజుల చొప్పున అయిదు నుంచి ఏడు వారాలు తిరగాలి, పైగా అదే చోట మళ్లీ ఇవ్వడం కష్టం. లేజర్ అవసరమైతే మళ్లీ చేయవచ్చు.

అపోహ: బుగ్గన కరక్కాయ పెట్టుకుంటే, మిరియాల కషాయం తాగితే గొంతు విచ్చుకుంటుంది.

వాస్తవం: మింగినదేదీ స్వరతంత్రులను తాకదు, తాకితే పొరమారుతుంది. నీళ్లు తగినంత తాగండి. చుట్ట మాని బీడీకి మారడం మానడం కాదని కూడా చెప్పవలసి వస్తోంది.

అపోహ: ఆరు నెలల తర్వాత ఉన్న గొంతే శాశ్వతం.

వాస్తవం: సందు మిగిలిపోతే, వ్యాధి తిరగబెట్టలేదని నిర్ధారించుకున్నాక, తంత్రిలోకి కొవ్వు ఎక్కించడమో, బయటి నుంచి చిన్న దిమ్మ అమర్చి లోపలికి జరపడమో చేయవచ్చు. బాగుపడుతూ వచ్చిన గొంతు మళ్లీ బొంగురుపోతే మాత్రం థెరపీకి రావద్దు; ముందు సర్జన్ దగ్గర స్కోపు చేయించుకుని, ఆ తర్వాతే నా దగ్గరకు రండి.