అల విరగని చోటే అసలు ప్రమాదం

విశాఖ మధురవాడ నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "ఆర్కే బీచ్‌లో నడుం లోతు నీళ్లలో నిలబడ్డ కుర్రాళ్లని, అదీ ఈత వచ్చినవాళ్లని, సముద్రం ఎలా లాక్కుపోతుందండీ?"

పేపర్లు 'రాకాసి అల' అని రాసి ఊరుకుంటాయి. పాపం, అల మనిషిని ఒడ్డుకే తోస్తుంది. లాక్కుపోయేది ఆ అలలు తెచ్చి పోసిన నీరు, తిరిగి పోయేటప్పుడు. దాన్నే రిప్ కరెంట్ అంటారు. నాకు సముద్రంలో ఇంతకన్నా ఇష్టమైన సంగతి లేదు.

వాన పడుతున్నప్పుడు డాబా ఎక్కి చూడండి. చుట్టూ పిట్టగోడ, ఓ మూల తూము. వాన డాబా అంతటా కురుస్తుంది, పోవడం మాత్రం ఆ ఒక్క తూములోంచే. మధ్యలో నీరు కదులుతున్నట్టే ఉండదు, తూము దగ్గర ఉరుకులు పెడుతుంది. తీరంలో పిట్టగోడ అంటే నీటి అడుగున ఒడ్డు పొడవునా పరుచుకున్న ఇసుక తిన్నె. వాన అంటే ఆ తిన్నె మీద విరిగి ఇవతలికి దూకే కెరటాలు. తూము అంటే తిన్నెకి పడ్డ గండి.

గండిలోంచే ఎందుకు పోవాలి? కెరటం తన ఎత్తుకి సుమారు 1.3 రెట్ల లోతుకి రాగానే విరుగుతుంది. మీటరు ఎత్తు అల 1.3 మీటర్ల లోతులో విరుగుతుందన్నమాట. తిన్నె మీద లోతు తక్కువ కనక అక్కడ విరిగి, తన ఊపుని నీళ్లకి అప్పగించి, ఒడ్డు వైపు నీటిమట్టాన్ని బెత్తెడో జానెడో లేపుతుంది. గండిలో లోతెక్కువ. అక్కడ అల విరగదు, మట్టమూ అంతగా లేవదు. నీరు పల్లమెరుగు కదా, రెండు పక్కల నీరూ ఒడ్డు వెంబడే గండి దాకా పారి, అందులోంచి సముద్రంలోకి దూసుకుపోతుంది. వేగం మామూలుగా సెకనుకి అర మీటరు, ఒక్కోసారి 2 మీటర్లు దాటుతుంది. ఒలింపిక్స్‌లో 100 మీటర్ల ఈత గెలిచేవాడి వేగం కూడా 2 మీటర్లకి కాస్త ఎక్కువే, అంతే.

ఇప్పుడు గమనించండి. అల విరగని చోట నురగ ఉండదు. అటూ ఇటూ తెల్లగా గోల చేస్తున్న నీళ్ల మధ్య ఒక పాయ ముదురు రంగులో, నున్నగా, బుద్ధిమంతురాల్లా కనిపిస్తుంది. పిల్లల్ని తీసుకొచ్చిన తల్లిదండ్రులు సరిగ్గా అక్కడికే దింపుతారు. కైలాసగిరి మీంచో, బీచ్ రోడ్డు గోడ పక్కనో ఓ పది నిమిషాలు నిలబడి నురగ వరసలో సందులు వెతకండి. బళ్లో ఆర్కిమెడీస్ సూత్రం బట్టీ పట్టిస్తాం, పోటూ పాటూ అంటే నిర్వచనం రాయిస్తాం. సముద్రం పక్కనే ఉన్న ఊళ్లో ఏ మాస్టారూ పిల్లల్ని తీసుకెళ్లి ఈ సందు చూపించిన పాపాన పోలేదు.

ఇక నడుం లోతు సంగతి. అరవై కిలోల మనిషి నడుం దాకా మునిగితే, నీరు ఎత్తిపట్టగా పాదాల మీద మిగిలే బరువు 35 కిలోల లోపే. ఇసుక మీద రాపిడి అందులో సగం అనుకుంటే, నిలబెట్టే పట్టు 17 కిలోలు. సెకనుకి మీటరు వేగంతో వచ్చే నీరు కాళ్లని తోసే బలం దాదాపు 14 కిలోలు. సరిసరి. వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలు, 56 కిలోలు. దానికి తోడు కాళ్ల కింద ఇసుక కోసుకుపోతూనే ఉంటుంది.

డాబా పోలిక ఒక్క చోట తప్పుతుంది. తూము మేస్త్రీ పెట్టిన చోటే ఉంటుంది, గండి ఉండదు. మన తీరంలో ఇసుక ఋతువుల వెంట వస్తూ పోతూ ఉంటుంది. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త లఫాండ్ ఇక్కడి ఒడ్డు కోతని పరిశీలించారు. కాబట్టి 'పోయిన నెల ఇక్కడే మునిగాం, ఏం కాలేదు' అన్నది చెల్లదు. రాళ్ల పక్కన మాత్రం గండి తరచూ స్థిరంగా ఉంటుంది. రాతి గుట్టలున్న చోట్ల అందుకే ఇంకా జాగ్రత్త.

అమావాస్య నాడు సముద్రం బలి కోరుతుందని పెద్దవాళ్లంటారు. బలీ లేదు, గిలీ లేదు. కానీ ఆ భయంలో కాస్త లెక్క ఉంది. అమావాస్యకీ పౌర్ణమికీ పాటు బాగా దిగువకి పోతుంది. తిన్నె మీద నీరు పలచనై, పోయే నీరంతా గండిలోకే సర్దుకుంటుంది. మనం శివరాత్రి జాగారం చేసి, నిద్ర లేని ఒంటితో, తెల్లారి వెళ్లి మునిగేదీ, కార్తీక పౌర్ణమికి గుంపుగా దిగేదీ ఆ రోజుల్లోనే.

చిక్కుకుంటే ఏం చెయ్యాలో డాబాయే చెబుతుంది. తూముకి ఎదురీదే ఆకు గెలవదు. పక్కకి జరిగితే పిట్టగోడ దగ్గర నీరు నిమ్మళం. ఒడ్డుకి సూటిగా ఈదకండి. వెల్లకిలా తేలండి, ఊపిరి కుదుటపరుచుకోండి, ఒడ్డుకి సమాంతరంగా నురగ ఉన్న వైపు జరగండి. అక్కడి అలలే మిమ్మల్ని ఇంటికి తోస్తాయి. తూములోంచి పడ్డ నీరు గోడ కిందే చెదిరిపోయినట్టు, రిప్ కూడా సాధారణంగా అలలు విరిగే పట్టీ దాటాక నీరసిస్తుంది. నీటి అడుక్కి మాత్రం లాగదు.

స్నేహితుడి కోసం దూకి రెండోవాడూ పోవడం మన వార్తల్లో మామూలే. దూకొద్దు. మూత బిగించిన అయిదు లీటర్ల ఖాళీ డబ్బా విసరండి. అది దాదాపు అయిదు కిలోలు మోస్తుంది, మనిషి తల బరువూ ఇంచుమించు అంతే. గజ ఈతగాళ్లని కేకేయండి, 112కి ఫోన్ చేయండి.

బయటికి తీశాక బోర్లా వేసి పొట్ట నొక్కడం, తలకిందులుగా తిప్పడం వద్దు. అలా చేస్తే పొట్టలో నీరు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. గుండెపోటుతో హఠాత్తుగా గుండె ఆగినవాడి రక్తంలో ఇంకా ఆక్సిజన్ ఉంటుంది, ఛాతీ నొక్కితే కొన్ని నిమిషాలు పనికొస్తుంది. మునిగినవాడి రక్తంలో అదే అయిపోయి గుండె ఆగుతుంది. అందుకే ఊపిరి ఆడకపోతే ముందు నోటితో ఊపిరి ఊది, ఆ తర్వాతే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి.